తోక పట్టుకున్నది నేనే

మా మామగారి విమానానికి చొక్కా తొడిగింది నేను. ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పేస్తే నా మనసు కాస్త కుదుటపడుతుంది. మిగతాది విన్నాక మీరు నన్ను ఎలాగూ మెచ్చుకోరు.

విమానమంటే మనుషులెక్కేది కాదు. రేడియో పెట్టె చేతిలో పట్టుకుని కింద నుంచి నడిపేది. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి నేను రెండు చేతులూ బారచాపినంత పొడవు. మామగారు ముప్ఫై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యారు. జీవితమంతా ఇనపతాళ్ళకి వేలాడే పెట్టెల్ని పైకీ కిందకీ పంపిన మనిషి కదా, తాడు లేకుండా పైకి పోయేది ఒక్కటైనా చెయ్యాలని ఎప్పటినుంచో కోరిక. పద్నాలుగు నెలల కిందట అట్టపెట్టె నిండా బాల్సా చెక్క తెప్పించుకున్నారు. ఎంత తేలికంటే, గట్టిగా తుమ్మితే ముక్కలు బల్ల మీంచి లేచిపోతాయి. మేము అన్నాలు తినే బల్లని గోడవారకి జరిపి దాని మీద పని మొదలుపెట్టారు. ఆనాటి నుంచి ఇంట్లో అందరం కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటున్నాం.

"నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు కూడా నాకింత మర్యాద జరగలేదు. దాని మీద ఈగ వాలనివ్వరు, నా మీద మాత్రం విసుక్కుంటారు," అనేవారు మా అత్తగారు.

మామగారి చేతులు రెండేళ్ళ నుంచి వణుకుతున్నాయి. ఊరికే కూచుంటే తక్కువ, చిన్న వస్తువు పట్టుకుంటే ఎక్కువ. చెక్క కొయ్యడం, జిగురు పెట్టడం మోచెయ్యి బల్లకి ఆనించి ఎలాగో చేసుకునేవారు. రెక్కల మీద ఫిల్మ్ అతికించే రోజు వచ్చేసరికి ఆ చేతులు చాలలేదు. ఫిల్మ్ అంటే వెనకవైపు జిగురున్న పలచని ప్లాస్టిక్ గుడ్డలాంటిది. ఇస్త్రీపెట్టె వేడి తగిలితే బిగుసుకుని చెక్కని పట్టేస్తుంది. వేడి ఎక్కువైతే కరిగి చిల్లు, తక్కువైతే ముడత. మూడుసార్లు పాడుచేసుకుని నాలుగోసారి నన్ను పిలిచారు.

"పెద్దమ్మాయ్, ఇది నా వల్ల కాదు. నీ చెయ్యి కావాలమ్మా."

నేను టైలర్ని. ఇంటి ముందుగదే నా దుకాణం. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, గోడ పొడుగునా స్కూలు యూనిఫారాలు, కోట్లు. ఇస్త్రీపెట్టె నాకు మూడో చెయ్యి. ఎనిమిది ఆదివారాలు కూచుని ఆ విమానానికి పైన ఎరుపు, కింద తెలుపు తొడిగాను. రెక్క వంపు తిరిగేచోట భుజం కుట్టినట్టు చిన్న చిన్న గాట్లు పెట్టి తిప్పాను. ఎక్కడా వెంట్రుకంత ముడత లేదు. మామగారు వేలితో ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమి, "ఫ్యాక్టరీలో కూడా ఇలా రాదమ్మా," అన్నారు. ఆ మాట నేను చాలా రోజులు దాచుకుని తిన్నాను.

నా పనిలో ఒక అలవాటుంది, అది కూడా చెప్పాలి. నా చేతిలో ఎప్పుడూ నీలం మైనపు సుద్ద ఉంటుంది. కుట్టులో తప్పు కనిపిస్తే అక్కడ ఇంటూ గుర్తు పెడతాను. ఆలోచించి పెట్టను, కన్ను తప్పు చూస్తే చెయ్యి గీత గీసేస్తుంది. ఒకసారి ఎవరింటికో భోజనానికి వెళ్ళి, ఆ ఇంటావిడతో కబుర్లు చెబుతూ చెబుతూ ఆవిడ కొత్త కర్టెన్ అంచు వంకరపోయిందని దాని మీద ఇంత గుర్తు పెట్టేశాను. మైనపు సుద్ద తుడిస్తే పోదు, వేడివేడి ఇస్త్రీ పెడితేనే పోతుంది. ఆవిడ మళ్ళీ మమ్మల్ని పిలవలేదు. అప్పటినుంచి మా ఆయన నన్ను ఎక్కడికి తీసుకెళ్ళినా గుమ్మం దగ్గర ఆపి, దొంగని సోదా చేసినట్టు చేతులూ జేబులూ చూసి సుద్ద లాక్కుంటారు.

ఇదంతా నా రాజ్యం బాగున్న రోజుల మాట. ఏడు నెలల కిందట మా మరిదికి పెళ్ళయింది. తోడికోడలు వచ్చింది.

ఆమెకి రెండు వీధుల అవతల జుట్టు కత్తిరించే సెలూన్ ఉంది. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. నవ్వితే ఎదుటివాళ్ళు కారణం తెలియకుండానే నవ్వేస్తారు. వచ్చిన వారానికే అత్తగారి జుట్టు కత్తిరించి ఆవిడ వయసు పదేళ్ళు తగ్గించింది. నన్ను నోరారా అక్కా అని పిలుస్తుంది. కొత్త బట్ట కొంటే ముందు నాకే చూపిస్తుంది. అసలు బాధంతా అదే. ఆమెలో తప్పుంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు. ఏడు నెలలు వెతికాను, గుర్తు పెడదామంటే ఎక్కడా జాగా దొరకలేదు.

పైగా ఆ చేతులు. మనిషి చెవి పక్కన కత్తెర ఆడించి బతికే చేతులు కదా, రాయిలా నిలకడగా ఉంటాయి. మామగారికి అవి కంటపడ్డాయి.

విమానం ఎగరెయ్యడం నేర్చుకోడానికి కంప్యూటర్లో ఒక ఆట లాంటిది ఉంది. అందులో కూల్చినా ఖర్చుండదు. నేను రోజూ దుకాణం మూశాక అరగంట కూచునేదాన్ని. నలభై ఒక్కసార్లు కూల్చాను. నలభై రెండోసారి చెట్టు మీద పెట్టాను. తోడికోడలు ఒకరోజు నా వెనకాల నిలబడి చూసి, "నేనూ ఒకసారి పట్టుకోనా అక్కా?" అంది. పట్టుకుంది. రెండు రోజుల్లో గింగిరాలు కొట్టించి మెత్తగా దింపింది. మామగారు చప్పట్లు కొట్టారు. నా నలభై రెండు కూలడాల్లో ఒక్కదానికీ ఆయన గదిలోకి తొంగి చూడలేదు. చూడకపోవడమే మంచిదయిందనుకోండి, అది వేరే సంగతి.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. నేను ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ఈ ఇంట్లో చెవినే.

తొలిసారి ఎగరెయ్యడం ఆదివారం పొద్దున అనుకున్నాం. రేడియో పెట్టె ఎవరు పట్టుకుంటారన్నది ఎవరూ పైకి అనలేదు. ఆయన చేతులతో కుదరదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. మా ఆయన వ్యాను నడుపుతారు, అంతకు మించి ఏదీ నడపనంటారు. మా మరిది ఫోన్లో వీడియో తీస్తానన్నాడు. మిగిలింది మేమిద్దరం. రాదని తెలిసి కూడా నాకు ఆశగా ఉండేది. మామగారు నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మాయ్, నువ్వు పట్టుకోమ్మా," అంటే, "వద్దు మామయ్యా, చిన్నదానికివ్వండి," అని పెద్దరికంగా అనాలని మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. నాకు కావలసింది పెట్టె కాదు, ఆ అడగడం.

శనివారం సాయంత్రం నేను అర్జెంటు కోటు ఒకటి ముగించి ఇస్త్రీకని లోపలికి వచ్చాను. పెద్ద ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఆ భోజనాల బల్ల వెనక గోడకే ఉంది. బల్ల మీద విమానం తోక గోడవైపు, ముక్కు గదివైపు పెట్టి ఉంది. రెక్కల వెనక అంచున పలకలుంటాయి. మామగారు వాటిని ఐలరాన్లంటారు, నేను అంచు పలకలంటాను. అవి పైకీ కిందకీ కదిలితేనే విమానం పక్కలకి ఒరుగుతుంది. వాటిని కదిలించే బుల్లి మోటార్లలో ఒకటి పొద్దుటి నుంచి గుయ్యిమంటోందని, మధ్యాహ్నం మామగారూ తోడికోడలూ కలిసి రెండూ మార్చేశారట. గోరంత మరలు బిగించింది ఆమే. నాతో ఒక్క మాట అనలేదు. నేను పది అడుగుల దూరంలో మిషన్ తొక్కుతూనే ఉన్నాను.

"కుడికి తోస్తున్నానమ్మా," అన్నారు మామగారు కిటికీ పక్క కుర్చీలో కూచుని, ఒళ్ళో పెట్టెతో.

తోడికోడలు విమానం ముక్కుకి ఎదురుగా నిలబడి ఉంది. "కుడివైపు పలక పైకి లేచింది మామయ్యా."

"ఎడమకి?"

"ఎడమవైపు లేచింది. బ్రహ్మాండం."

నేను బల్లకీ గోడకీ మధ్యన దూరి, ప్లగ్గు కోసం వంగి, తల ఎత్తేసరికి విమానం తోక వైపున ఉన్నాను. మామగారు సరదాకి రేడియో పెట్టె మీది పుల్ల ఇంకోసారి కుడికి తోశారు. నా కళ్ళ ముందు కుడి పలక కిందకి దిగింది. ఎడమది లేచింది.

ఫిల్మ్ వేసే రోజుల్లో ఆయనే నాకు చెప్పారు. "నువ్వు ఇందులో కూచున్నావనుకో. ఎప్పుడూ వెనక నుంచే చూడు. పుల్ల ఎటు తోస్తే అటు పలక లేవాలి." నాకు అది చెప్పక్కర్లేదు కూడా. కోటుకి కుడి ఎడమలు తొడుక్కునేవాడివి, చూసేవాడివి కావు. భుజం కొలత నేను వెనక నిలబడే తీస్తాను. తోడికోడలు రోజంతా మనుషుల్ని అద్దంలో చూస్తుంది. అద్దంలో మనిషి మొహం ఎదురుగా ఉంటుంది, కాని ఆ మనిషి కుడి ఆమె కుడివైపే ఉంటుంది. విమానం ముక్కు ఎదురుగా నిలబడేసరికి ఆమె కళ్ళు దాన్ని సెలూన్ కుర్చీలో కూచున్న మనిషిలాగే చూశాయి. తన కుడివైపున్నదే దాని కుడి అనుకుంది. కొత్త మోటార్లు పాతవాటికి ఎదురు తిరుగుతున్నాయి. గాలిలో కుడికి ఒంపబోతే ఎడమకి ఒరుగుతుంది. సరిచెయ్యబోయిన కొద్దీ ఇంకా తిరగబడి, ముక్కుతో నేలని పొడుస్తుంది. రేడియోలో ఒక మీట తిప్పితే చాలు, సరిపోతుంది.

చెప్పడానికి నోరు తెరిచాను. అబద్ధం కాదు, నిజంగానే తెరిచాను.

సరిగ్గా అప్పుడే మామగారు, "రేపు నువ్వే ఎగరెయ్యాలి చిన్నమ్మాయ్. ఇంకెవరివల్లా కాదు," అన్నారు. ఆ తర్వాత నా తల కనిపించి, "నువ్వు తోక పట్టుకుందువు గాని పెద్దమ్మాయ్. బలమైన చేతులు నీవి," అన్నారు.

అడగను కూడా అడగలేదు. బలమైన చేతులట! సోఫా జరపడానికి మనిషిని పిలిచినట్టు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా. పద్నాలుగు నెలలు చెక్కపొడి పీల్చింది నేను, వేలు కాల్చుకుంది నేను, రేపు మైదానంలో పెట్టె పట్టుకుని నవ్వేది ఆమె. నోరు మూసుకున్నాను. రెక్క అంచు కింద ఒకసారి చేత్తో తడిమి, ప్లగ్గు పెట్టకుండానే కోటు భుజాన వేసుకుని దుకాణంలోకి వచ్చేశాను.

అద్దంలో నా మొహం చూసుకున్నాను. మంట మండుతున్నట్టే ఉంది. కూలిపోనీ అనుకున్నాను. అందరి ముందూ ఆమె చేతుల్లోనే కూలిపోనీ. ఆ నిలకడ చేతులు ఒక్కసారి వణకనీ. అప్పుడు మామగారు ఆ చెక్కముక్కలు ఏరుకుని నా దగ్గరికే వస్తారు, మళ్ళీ నీ చెయ్యి కావాలమ్మా అంటారు. ఆ మాట ఎలా అంటారో, నేను ఎలా చూస్తానో, అన్నీ కుట్టుకుంటూ కూచున్నాను. మా ఆయనతో పైపైన ఒక మాట అంటే, "పోనిద్దూ, ఎవరెగరేస్తే ఏంటి, ఎగరడం ముఖ్యం," అన్నారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఉన్న నాలుక కూడా ఇలాంటివాటికే లేస్తుంది.

పొద్దున్నే బయల్దేరాం. గుమ్మం దగ్గర మా ఆయన ఎప్పటిలాగే నా జేబులు తడిమి సుద్ద తీసి కిటికీలో పెట్టారు. "విమానం మీద గీతలు గీస్తావేమో," అని నవ్వారు. మామగారు కూడా నవ్వారు. విమానాన్ని దుప్పట్లో చుట్టి పసిపిల్లలా వ్యానులో పడుకోబెట్టాం. దారిలో తోడికోడలు నా భుజానికి తల ఆనించి, "భయంగా ఉందక్కా. ఏమన్నా అయితే మామయ్య మొహం ఎలా చూడాలి?" అంది. ఏం కాదులే అన్నాను. ఆ మాట అంత సులువుగా నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ఊరి చివర సరుకు గిడ్డంగుల వెనక పెద్ద ఖాళీ జాగా ఉంది. గడ్డి పొట్టిగా ఉంటుంది, జనం ఉండరు. గాలి కూడా సన్నగా, ఎదురుగా వీస్తోంది. అత్తగారు మడతకుర్చీ వేసుకుని ఫ్లాస్కులో టీ పట్టుకుని కూచున్నారు. మామగారు రెక్కల కింద రెండు చూపుడువేళ్ళూ పెట్టి విమానాన్ని లేపి బరువు సమంగా ఉందో లేదో చూడబోయారు. వేళ్ళు వణికి విమానం ఊగింది. తోడికోడలు మెల్లగా తన వేళ్ళు ఆయన వేళ్ళ పక్కన పెట్టింది. ఊగడం ఆగింది. ఆ పని నేను చెయ్యాల్సింది. రెండడుగులు వేసేలోపే అయిపోయింది.

విమానాన్ని నేల మీద పెట్టారు. నేను వెనక మోకాళ్ళ మీద కూచుని తోక పట్టుకున్నాను. తోడికోడలు పెట్టె మెడలో వేసుకుని నా ఎడంపక్క నాలుగడుగుల దూరంలో నిలబడింది. మామగారు ముందుకెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, చిన్న పుస్తకంలో రాసుకున్నవి ఒక్కొక్కటే చదివారు. బ్యాటరీ. చక్రాలు. రెక్క బోల్టులు. లిఫ్టుల్లో పనిచేసినన్నాళ్ళూ అలా చదివించుకోకుండా ఆయన ఒక్క లిఫ్టు కూడా కదలనివ్వలేదట.

"ఐలరాన్లు."

"నిన్న చూశాంగా మామయ్యా," అంది తోడికోడలు.

"నిన్నటిది నిన్నటికే. పెద్దమ్మాయ్, వెనకున్నది నువ్వే. నువ్వు చూసి చెప్పు."

తోడికోడలు పుల్ల కుడికి తోసింది. కుడి పలక దిగింది. ఎడమకి తోసింది. ఎడమ పలక దిగింది.

"సరిగ్గానే ఉంది మామయ్యా," అన్నాను.

ఆయన పుస్తకంలో టిక్కు పెట్టుకున్నారు. నేను చెప్పాక ఇంక ఆయన చూడరు. పదకొండేళ్ళలో నేను సరిగ్గా ఉందన్న కుట్టు ఎప్పుడూ ఊడిపోలేదు మరి.

మోటారు తిరగడం మొదలుపెట్టింది. ముందు తేనెటీగలా, తర్వాత పెద్దగా. ముక్కున తిరిగే పంకా గాలికి గడ్డి వెనక్కి పడుకుంది. విమానం ముందుకి లాగుతోంది, నేను వెనక్కి బిగబట్టాను. మోటారు అదురు చెక్కలోంచి నా అరచేతుల్లోకి వచ్చింది. సన్నగా, ఆగకుండా, ఎముక దాకా. ఆ వణుకు నాకు తెలుసు. ఫిల్మ్ వేసేటప్పుడు రెక్క అవతలి చివర మామగారు పట్టుకునేవారు, ఇవతల నేను. ఎనిమిది ఆదివారాలు ఆయన చేతుల వణుకు ఇదే చెక్కలోంచి నా చేతుల్లోకి ఇలాగే వచ్చేది. కదపకండి మామయ్యా అని నేను విసుక్కునేదాన్ని. కదపట్లేదమ్మా, అదే కదులుతోంది అనేవారు.

"వదులక్కా!" అంది తోడికోడలు.

వదలాలనే అనుకున్నాను. నా మీద ఒట్టు, వదలాలనే అనుకున్నాను. కూలాలని నిన్నటి నుంచీ కోరుకుంటున్నది నేనే. చేతులు ఊడిరాలేదు.

"అక్కా, వదులు!"

"పెద్దమ్మాయ్, వదిలెయ్!" మామగారు దూరం నుంచి చెయ్యి ఊపారు.

"ఆపు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆపవే! పలకలు తిరగబడ్డాయి!"

మోటారు ఆగింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. మామగారు నా పక్కన మోకాళ్ళ మీద కూచుని, పుల్ల కదపమని, వెనక నుంచి చూశారు. "ఇలాగే వదిలుంటే..." అని ఆగిపోయారు. నా వైపు తిరిగి, "ఇందాక సరిగ్గా ఉందన్నావు?" అన్నారు.

"ఎండ కళ్ళలో పడింది మామయ్యా. ఇప్పుడే చూశాను."

తోడికోడలు ఏడ్చేసింది. "నిన్న చూసింది నేనే. ముందు నిలబడి చూశాను, వెనక నుంచి చూడాలని నాకు తట్టనే లేదు. తప్పంతా నాదే." నా మెడ చుట్టూ చేతులు వేసి, "నువ్వు లేకపోతే ఏమయ్యేదక్కా," అంది. ఏడుపు కూడా అందంగానే ఏడుస్తుంది. ఆ సమయంలో కూడా నాకది కనిపించింది, చూడండి.

రేడియోలో మీట తిప్పారు. వెనక నుంచి ముగ్గురం చూశాం. పుల్ల ఎటో పలక అటే. తోడికోడలు పెట్టె మెడలోంచి తీసి నా ముందు పెట్టింది. "నువ్వే ఎగరెయ్యక్కా. నా చేతులు చూడు ఎలా ఉన్నాయో."

పద్నాలుగు నెలల కోరిక అది. అది కూడా అడిగి ఇస్తోంది. మామగారు వద్దనలేదు, నా మొహం వైపు చూస్తున్నారు.

"నాకు రాదు. నేనైతే కూలుస్తాను. నువ్వే ఎగరెయ్యి," అన్నాను. నా గురించి ఆ రోజు నేను చెప్పిన మొదటి నిజం అదే.

ఈసారి వదలమనగానే వదిలేశాను. పది బారలు నేల మీద పరిగెత్తి, ఒకసారి తడబడి, లేచింది. నేను కుట్టిన ఎరుపు పైన, నేను కుట్టిన తెలుపు కింద. గిడ్డంగుల కప్పుల మీదుగా తిరిగి వస్తుంటే తెల్లటి పొట్టంతా కనిపించింది. కింద నుంచి చూస్తే ఒక్క ముడత లేదు. ఆరు నిమిషాలు ఎగిరింది. తోడికోడలి వేళ్ళు మళ్ళీ రాయిలా నిలిచాయి. మామగారు తల ఎత్తి, నోరు తెరుచుకుని, పిల్లాడిలా తిరుగుతూ చూశారు. అత్తగారు టీ ఒలకబోసుకున్నారు. దించడం కూడా మెత్తగా దించింది. అందరూ ఆమె చుట్టూ చేరారు, మళ్ళీ నా కడుపులో సన్నగా మంట లేచింది. అది అంత త్వరగా చచ్చే రకం కాదు.

కాని మామగారు నన్ను కూడా పిలిచారు. "ఇవాళ విమానం దక్కిందంటే పెద్దమ్మాయి కన్ను వల్లే. లిఫ్టుల్లో ఇలాంటి కన్నున్న మనిషి నాకు ఒక్కడు దొరకలేదు," అన్నారు, అందరూ వినేలా. నేను ఎదురుచూసిన మాటే, నేను అనుకున్న దానికన్నా పెద్దదే. తల వంచుకుని విన్నాను. దొంగిలించిన కోటు తొడుక్కున్నట్టు ఒళ్ళంతా ఇరుకుగా ఉంది.

మిగతావాళ్ళు వ్యాను దగ్గరికి నడిచారు. మామగారు గడ్డిపరకలు తుడుద్దామని విమానాన్ని తిరగేశారు. నేను గుడ్డ అందించాను. ఆయన తుడుస్తూ తుడుస్తూ కుడి పలక దగ్గర ఆగారు. గుడ్డతో రుద్దారు. మళ్ళీ రుద్దారు. పోలేదు.

తెల్లటి ఫిల్మ్ మీద, కుడి పలక కింద, నీలం మైనపు సుద్దతో ఇంటూ గుర్తు.

నేను పెట్టినట్టు నాకు తెలియదు. నిన్న బల్ల వెనక అంచు కింద తడిమినప్పుడు చేతిలో సుద్ద ఉంది. నేను నోరు మూసుకున్నాను, చెయ్యి మూసుకోలేదు.

మామగారు నా వైపు చూడకుండా మెల్లగా అన్నారు. "నిన్న పొద్దున నేనే తుడిచానమ్మా దీన్ని. అప్పుడు లేదు. ఇవాళ సుద్ద కిటికీలో ఉంది."

దాచడానికి ఇంకేం మిగల్లేదు. "నిన్న సాయంత్రమే చూశాను మామయ్యా."

"ఎందుకు చెప్పలేదు?"

"కుళ్ళు," అన్నాను. వేరే మాట వెతుక్కుంటే దొరికేదేమో. వెతకలేదు. "చిన్నదాన్ని చూస్తే నాకు కుళ్ళు మామయ్యా. దాని చేతుల్లోనే కూలాలనుకున్నాను."

ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. గిడ్డంగుల వైపు ఎవరో షట్టరు ఎత్తిన చప్పుడు వినిపించింది.

"మరి ఎందుకు వదల్లేదు?"

"ఏమో. చేతులు రాలేదు."

తోడికోడలు గడ్డిలో గబగబా నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "ఏంటి మామయ్యా, అంతసేపు చూస్తున్నారు? రెక్కకి ఏమన్నా తగిలిందా?"

"ఏం లేదమ్మా. కొంచెం మరక. మీ అక్క ఇస్త్రీ పెడితే పోతుంది," అన్నారు ఆయన.

"ఇవ్వండి, నేను తెస్తాను."

"వద్దు. నేనే తెస్తాను."

విమానాన్ని బోర్లా తిప్పి రెండు చేతులతో ఎత్తుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన దాన్ని ఒక్కరే మోయలేదు. నడుస్తుంటే రెక్కలు ఊగాయి. తోడికోడలు ఒకపక్క సాయం పట్టబోతే తలతోనే వద్దన్నారు. నేను రెండడుగుల వెనక నడిచాను. వెనక నుంచి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. కుడిచేతి బొటనవేలు పలక కిందకి చాపి ఆ గుర్తుని కప్పి పట్టుకున్నారు. వ్యాను దాకా ఆ వేలు వణుకుతూనే ఉంది, కాని ఒక్కసారి కూడా పక్కకి జరగలేదు.